పాటలకే అయితే స్టీరియో యాంప్లిఫయర్ తీసుకోండి

రెండు స్పీకర్లను నడిపే స్టీరియో యాంప్లిఫయర్ కొనాలా, సినిమాల సరౌండ్ సౌండ్ కోసం ఎక్కువ స్పీకర్లను నడిపే హోమ్ థియేటర్ రిసీవర్ కొనాలా అని అడిగారు. రెండు స్పీకర్లతో పాటలే ఎక్కువ వింటాను, సినిమాలు ఎప్పుడో ఒకసారి అన్నారు కాబట్టి నా ఓటు స్టీరియో యాంప్లిఫయర్‌కే. అదే డబ్బు రిసీవర్‌లో ఏడు చానళ్లకీ (ఒక్కో స్పీకర్‌కి ఒక్కో చానల్), వీడియో సర్క్యూట్లకీ పంచుకుపోతుంది.

రిసీవర్ పెట్టె మీది వాట్లు చూసి పడిపోకండి. చాలాసార్లు అది 6 ఓమ్‌ల (స్పీకర్ నిరోధం) దగ్గర, 1 కిలోహెర్ట్జ్‌లో, ఒక్క చానల్‌నే నడిపి కొలిచిన అంకె. 8 ఓమ్‌లకి, 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ దాకా, రెండు చానళ్లూ కలిసి నడిస్తే ఎంతో చూడండి.

సబ్‌వూఫర్ (బాస్ కోసం విడి స్పీకర్) ఉంటే మాత్రం రిసీవర్‌దే పైచేయి. 80 హెర్ట్జ్ దగ్గర బాస్‌ని విడదీసి సబ్‌వూఫర్‌కి పంపడం, గదికి తగ్గట్టు ధ్వనిని సరిదిద్దడం అందులో ఉంటాయి. మీ గదిలో బాస్ గుమ్మని మోగుతుంటే ఇది నిజంగా పెద్ద లాభం.

తర్వాత సరౌండ్ కావాలనిపిస్తుందేమోనని టెన్షన్ వద్దు. హోమ్ థియేటర్ బైపాస్ (రిసీవర్ సిగ్నల్‌ని తన వాల్యూమ్ నాబ్‌తో పనిలేకుండా తీసుకునే ఇన్‌పుట్) ఉన్న యాంప్లిఫయర్ మోడల్ తీసుకుంటే, ప్రీ-అవుట్‌లున్న (విడి యాంప్లిఫయర్‌కి సిగ్నల్ ఇచ్చే సాకెట్లున్న) రిసీవర్‌ని అప్పుడు కలుపుకోవచ్చు.