ఎండలు అంత మండినా దోమలు ఎందుకు పోవు?

మే నెలలో నల్లగొండలో ఎండ 44, 45 డిగ్రీలకు పోతుంది, ఆ వేడికి దోమలన్నీ చచ్చిపోవాలి కదా, మరి వానలు పడగానే డెంగీ ఎట్లా వస్తుంది అని అడిగారు.

ఎగిరే దోమలు చాలావరకు చస్తాయి, నిజమే. దోమకు ఒంట్లో సొంత వేడి ఉండదు, చుట్టూ గాలి ఎంత వేడో అదీ అంతే. 40 దాటి, గాలి కూడా పొడిగా ఉంటే ఎక్కువసేపు బతకదు. కొన్ని మాత్రం బాత్రూంలో, మంచం కింద, గోలెం వెనక చల్లటి నీడలో దాక్కుంటాయి.

అసలు చిక్కు గుడ్లతోనే. నీళ్లు ఎండిపోయిన కూలర్ లోపలి అంచును టార్చి వేసి దగ్గరగా చూడండి. నల్లటి నలుసుల్లాంటివి అంటుకుని ఉంటాయి. డెంగీ తెచ్చే ఏడిస్ దోమ గుడ్లు నీడపట్టున అట్లా నెలల తరబడి ఎండిపోయి ఉండి, తొలకరి నీళ్లు తగలగానే పొదుగుతాయి. వారం పది రోజుల్లో దోమలైపోతాయి.

అప్పటికి వేడి తగ్గి ఉంటుంది. డెంగీ వ్యాప్తికి బాగా అనువైనది 29 డిగ్రీల చుట్టుపక్కల, మలేరియాకు 25 దగ్గర. రోగి రక్తం తాగిన దోమ వెంటనే డెంగీ అంటించలేదు. వైరస్ దాని కడుపులోంచి లాలాజలంలోకి చేరాలి. 30 డిగ్రీల దగ్గర దీనికి సుమారు వారం చాలు. 20 దగ్గరైతే రెండు వారాల పైనే పడుతుంది, ఈలోపు దోమే చావొచ్చు.

గుడ్లు ఎండినా చావవు కాబట్టి కూలర్‌ను ఊరికే ఎండబెట్టి అటకెక్కించకండి. ముందు అంచులన్నీ పీచుతో గట్టిగా రుద్ది కడగండి.