ఊరంతా చెప్పుకునే హత్యకు సాక్షి ఎవరు?

ప్రశ్న: మాది చంద్రగిరి దగ్గర పల్లె. 1984లో రాత్రిపూట చెరకు తోటకు నీళ్లు కట్టడానికి వెళ్లిన మా తాతగారిని నరికి చంపారు. హంతకులు దొరకలేదని పోలీసులు కేసు మూసేశారు. ఇద్దరి పేర్లు ఊరంతా చెప్పుకుంటారు. ఒకరు చనిపోయారు, రెండో ఆయనకు ఎనభై దాటాయి. ఆ రాత్రి వాళ్లను చూశానని పొరుగింటి అవ్వ ఇప్పుడు చెబుతోంది. కేసు మళ్లీ తెరవవచ్చా?

జవాబు: తెరవవచ్చు. మూడేళ్లకు మించి శిక్ష లేని నేరాలకే కాలపరిమితి. హత్యకు అది లేదు. 2024 జూలై 1 నుంచి కొత్త చట్టాలు వచ్చినా మీ తాతగారి హత్య పాత శిక్షాస్మృతి 302 సెక్షన్ కిందకే వస్తుంది. పోయిన మనిషిపై విచారణ ఉండదు కాబట్టి మిగిలింది రెండో ఆయన.

ఆయనపై ఆధారమేమిటి? ఊరంతా చెప్పుకోవడం పనికిరాదు. ఊరు వచ్చి బోనులో నిలబడదు. అవ్వ మాట వేరు, కళ్లతో చూశానంటోంది. నలభై ఏళ్లు ఎందుకు నోరు విప్పలేదని అవతలి వకీలు తప్పక అడుగుతాడు. భయపడి ఉంటే భయపడ్డానని ఆమే చెప్పాలి. దయచేసి మీరేమీ నేర్పకండి. వెన్నెల్లో చూశానంటే ఆ తేదీకి పంచాంగంలో తిథి ఏమిటో చూస్తారు. నేనైతే మొదట అదే చూస్తాను. అమావాస్య అయితే ఇక సాక్ష్యం నిలవదు.

అవ్వను నేరుగా మేజిస్ట్రేట్ దగ్గరకు తీసుకువెళ్లకండి. వాంగ్మూలం నమోదు చేయించాల్సింది దర్యాప్తు అధికారి. కొత్త ఆధారం దొరికిందని, తదుపరి దర్యాప్తు చేయాలని తిరుపతి ఎస్పీకి అర్జీ పెట్టండి. ఒకప్పటి నేర విచారణ స్మృతి (సీఆర్‌పీసీ) 173(8), దాని స్థానంలో వచ్చిన ఇప్పటి నాగరిక్ సురక్షా సంహిత 193(9) సెక్షన్లు అందుకే ఉన్నాయి. పోలీసులు కదలకపోతే మేజిస్ట్రేట్ కోర్టులో పిటిషన్ వేయండి. తదుపరి దర్యాప్తుకు ఆదేశించే అధికారం మేజిస్ట్రేట్‌కు ఉందని సుప్రీంకోర్టు 2019లో ఒక గుజరాత్ కేసులో స్పష్టం చేసింది.

పాత కాగితాలూ కావాలి: ఎఫ్‌ఐఆర్, శవ పంచనామా, పోస్టుమార్టం నివేదిక, తుది నివేదిక. మీ మండలం 2022లో తిరుపతి జిల్లాలోకి వచ్చింది కాబట్టి చిత్తూరులోనూ వెతకాలి. సమాచార హక్కు దరఖాస్తులో 8(3) సెక్షన్ రాయండి. ఇరవై ఏళ్లు దాటిన సంఘటనలకు చాలా మినహాయింపులు వర్తించవు. రికార్డు నాశనం చేశామంటే ఆ మాటే రాతపూర్వకంగా తీసుకోండి.

ఈలోగా ఆ పెద్దాయన పేరు వాట్సాప్‌లో పెట్టకండి, పరువునష్టం కేసులో మీరే ముద్దాయి అవుతారు. అవ్వ వయసెంతో మీరు రాయలేదు. అర్జీ మాత్రం ఈ వారమే పెట్టండి.