డాబా మీద సోఫా: 68,000 పెట్టాలా?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. రిటైరయ్యాక ఇల్లు కట్టుకున్నాం. ముందు వసారా, పైన డాబా ఉన్నాయి. డాబా మీద వేసుకుందామని షోరూంలో ప్లాస్టిక్ అల్లిక సోఫా సెట్ చూశాను. 68,000 రూపాయలు, 12 నెలల నో కాస్ట్ ఈఎంఐ ఇస్తామన్నారు. మా ఊరి వడ్రంగి పాత టేకుతో బెంచీ, రెండు కుర్చీలు, బల్ల 46,000కి చేస్తానంటున్నాడు. మావారేమో ఆరు ప్లాస్టిక్ కుర్చీలు 5,400కి వస్తాయి, అవి చాలంటారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ఉత్త లెక్కే చూస్తే మీవారు గెలిచారు. ప్లాస్టిక్ కుర్చీలు ఎండకి పెళుసెక్కినా నాలుగేళ్ళు నెట్టుకొస్తాయి. ఏడాదికి 1,350 పడింది. కానీ సాయంత్రం పూట కాళ్ళు చాపుకుని కూర్చునే సుఖం కోసమే కదా మీరు అడుగుతున్నది. అందుకని ధర పక్కన పెట్టి, ఆ వస్తువు మీ ఊరి గాలికీ వానకీ ఎన్నేళ్ళు ఆగుతుందో చూద్దాం.

మీది సముద్రానికి దగ్గర. ఉప్పుగాలి ఇనుముని ఊరికే వదలదు. షోరూం సోఫాకి అల్లిక పైపైనే, బరువు మోసేది లోపలి ఫ్రేము. ఈసారి వెళ్ళినప్పుడు చిన్న అయస్కాంతం పట్టుకెళ్ళి కాళ్ళకి ఆనించండి. అంటుకుందా, లోపలున్నది ఇనుమే. రంగు లేచిన చోట తుప్పు మొదలవుతుంది. కప్పు లేని డాబా మీద అది నాలుగేళ్ళు నిలిచిందనుకున్నా ఏడాదికి 17,000. కుషన్లు వానాకాలంలో బూజు పడితే ఆ ఖర్చు వేరు. అంటుకోకపోతే అల్యూమినియం కావచ్చు, తుప్పు బాధ ఉండదు. కానీ తేలిక. 1996 నవంబరు తుపాను చూసినవాళ్ళకి గాలి సంగతి నేను చెప్పక్కర్లేదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా హెచ్చరిక వచ్చినప్పుడల్లా ఆ సోఫాని మెట్ల మీదుగా దింపేదెవరు, మీరా, మీవారా?

ఇక ఈఎంఐ. నో కాస్ట్ అంటే వడ్డీ లేదని కాదు. ఆ వడ్డీకి సరిపడా సొమ్ము ముందే ధరలో డిస్కౌంటుగా తగ్గించి చూపిస్తారు, బ్యాంకు తన వడ్డీ తను వసూలు చేసుకుంటుంది. ఆ వడ్డీ 6,000 అనుకుంటే, క్రెడిట్ కార్డు ఈఎంఐ అయితే దాని మీద 18% జీఎస్టీ, అంటే 1,080 మీ నెత్తినే పడుతుంది. ప్రాసెసింగ్ ఫీజు ఉంటే అది అదనం. రొక్కం ఇస్తాను, ఆ 6,000 నాకే తగ్గించండి అని అడిగి చూడండి. పింఛను మీద బతికేవాళ్ళు సోఫా కోసం ఏడాది పాటు వాయిదా నెత్తిన పెట్టుకోవడం నాకైతే నచ్చదు.

నా ఓటు వడ్రంగికి. కోనసీమలో పాత మండువా ఇళ్ళు, పెంకుటిళ్ళు కూల్చినప్పుడు దూలాలు, ద్వారబంధాలు అమ్ముతుంటారు. దశాబ్దాలు ఆరిన టేకు అది, ఇక వంకర పోయేది తక్కువ. చేవ ఉన్న చెక్కే తీసుకోమనండి. అంచున ఉండే తెల్ల చెక్కకి చెదలు పట్టే భయముంది, వానకి మొట్టమొదట పాడయ్యేదీ అదే. మేకులు ఇనుపవి వద్దు, తుప్పు పట్టని స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలు వేయించండి. కాళ్ళు నీళ్ళలో నానకుండా కింద రబ్బరు బిళ్ళలు చాలు. 15 ఏళ్ళు ఆగుతుందని, ఏటా నూనె పూతకి 1,500 అవుతుందని వేసుకుంటే ఏడాదికి 4,600 లోపే. ఇది నా అంచనా. వసారాలో వేసుకుంటే ఇంకా ఎక్కువ కాలమే వస్తుంది, నేనైతే అక్కడే వేయమంటాను. పెరట్లోకి మార్చినా కొబ్బరిచెట్టు కింద మాత్రం వద్దు!

అలాగని ఒకేసారి 46,000 ఖర్చు పెట్టక్కర్లేదు. ముందు బెంచీ, బల్ల చేయించుకుని డాబా మీదకి మీవారు చెప్పిన ప్లాస్టిక్ కుర్చీల్లో నాలుగు తెచ్చుకోండి. అవైతే ఒకదానిలో ఒకటి పెట్టి గదిలోకి తోసేయొచ్చు. ఒక వానాకాలం గడిచాక టేకు కుర్చీల సంగతి చూడొచ్చు. వడ్రంగికి అడ్వాన్సు మూడో వంతు మించి ఇవ్వకండి. కలప మీ గుమ్మంలోకి వచ్చి, మీరు కళ్ళారా చూసుకున్నాకే మిగతా సొమ్ము.