అమెరికాలో ఇరుగుపొరుగు రాజకీయాలు మాట్లాడుకుంటారా? మా వీధి సంగతి

"అమెరికాలో వేరే పార్టీవాళ్లు ఎదురుపడితే రాజకీయాలు అసలు ఎత్తరట, నిజమేనా?" అని అడిగారు. మీకు ఆ మాట చెప్పినవాళ్లు మా జార్జియా రాష్ట్రంలో ఉండి ఉండరు. ఆఫీసులో ఎత్తరు, నిజమే. అక్కడ ఉద్యోగ భయం. వీధిలో మాత్రం కుర్చీలు వేసుకుని మరీ వాదించుకుంటారు.

మాది అట్లాంటాకి ఉత్తరాన ఒక సబ్‌డివిజన్, అంటే ఇళ్ల కాలనీ. 2020 చలికాలంలో కోవిడ్ వల్ల ఎవరూ ఎవరింట్లోకీ వెళ్లేవాళ్లు కాదు. సాయంత్రమైతే ఇళ్ల ముందు కార్లు నిలిపే డ్రైవ్‌వేల్లో మడత కుర్చీలు వేసుకుని దూరదూరంగా కూర్చునేవాళ్లం. అప్పటికే అధ్యక్ష ఎన్నికలో డెమోక్రాట్ బైడెన్ మా రాష్ట్రంలో గెలిచారు, మోసం జరిగిందని ట్రంప్ పక్షం గొడవ. దాదాపు 50 లక్షల ఓట్లు పోలైతే చివరికి తేలిన తేడా 11,779. మన దగ్గర ఒక అసెంబ్లీ సీటు మెజారిటీ కూడా ఇంతకంటే ఎక్కువే ఉంటుంది చాలాసార్లు.

మా ఎదురింటి పెద్దాయన సైన్యంలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు, ట్రంప్ అంటే ప్రాణం. పక్కింటావిడ స్కూల్లో పాఠాలు చెప్పి రిటైరైన టీచరమ్మ, డెమోక్రాట్. "రాష్ట్రం మొత్తం ఓట్లు చేత్తో లెక్కపెట్టారు కదా, ఇంకా ఏం కావాలి నీకు?" అని ఆవిడ. "దొంగనోట్ల కట్టని మళ్లీ లెక్కపెడితే అసలు నోట్లయిపోతాయా?" అని ఆయన. నేను ఊరుకోలేక, పోస్టులో వచ్చే ఓటుకి సంతకం కవరు మీద ఉంటుందని, దాన్ని సరిచూసుకున్నాకే లోపలి బ్యాలెట్‌ని వేరుచేస్తారని చెప్పాను. "నేననేదీ అదే. వేరుచేశాక ఏది ఎవరిదో ఎలా పట్టుకుంటావు?" అన్నాడు. "అయితే రహస్య ఓటు వద్దంటావా?" అని టీచరమ్మ లేచింది.

డిసెంబరు నెలాఖరుకి కాబ్ కౌంటీ (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) తనిఖీ ఫలితం వచ్చింది. 15,000 పైచిలుకు కవర్ల మీద సంతకాలు తనిఖీ చేసి, మోసం జరిగిన ఓటు ఒక్కటీ కనబడలేదని రాష్ట్ర అధికారులు చెప్పారు. టీచరమ్మ ఆ కాగితం ప్రింట్ తీసి తెచ్చి ఇచ్చింది. ఆయన కళ్లజోడు పెట్టుకుని ఆసాంతం చదివి, మడిచి తిరిగి ఇచ్చేసి, "కాబ్ గురించి నేనెప్పుడన్నానమ్మా? ఫుల్టన్ కౌంటీ సంగతి చెప్పు" అన్నాడు. ఇక్కడి వాదనలు ఇలాగే ఉంటాయి. రుజువు తెచ్చేలోపు గొడవ పక్క కౌంటీకి వెళ్లిపోతుంది.

ఇద్దరూ ఒక్కటైంది ప్రచారం హోరుని విసుక్కునే దగ్గరే. జార్జియాలో ఎవరికీ సగం ఓట్లు దాటకపోతే రెండోసారి పోటీ పెడతారు. 2021 జనవరి 5న రెండు సెనేట్ (పార్లమెంటులో పై సభ) సీట్లకి అలా జరిగింది, సెనేట్ ఎవరి చేతికి పోతుందో వాటి మీదే ఉంది. ఇక చూడండి, టీవీ పెడితే ప్రకటనలు, మెయిల్‌బాక్స్ తెరిస్తే రంగురంగుల కరపత్రాలు, పప్పు పొయ్యి మీద పెట్టే వేళకి ఫోన్లు. ఒకసారి తెలుగులో కూడా చేశారు, "నమస్కారమండీ, ఓటు వేశారా?" అని. ఆ అమ్మాయిని కసురుకోవడానికి మనసొప్పలేదు.

పెద్దాయన ఆ రోజు ఓటుకే వెళ్లలేదు. "ఎలాగూ దొంగిలించేదానికి లైన్లో నిలబడటం ఎందుకు?" అన్నాడు. రెండు సీట్లూ డెమోక్రాట్లకే పోయాయి. ఇలా అలిగి ఇంట్లో కూర్చున్నవాళ్ల వల్లే రిపబ్లికన్లు సెనేట్ పోగొట్టుకున్నారని నా గట్టి నమ్మకం, ఎవరేం చెప్పినా మార్చుకోను.

మనవాళ్ల సంగతి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. తలా ఒక వంట తెచ్చుకునే మన పాట్‌లక్ విందుల్లో ట్రంప్ గొడవ కూడా మన తెలుగునాట పార్టీల గొడవలాగే నడుస్తుంది, ఎవరు మనవాడు ఎవరు కాడు అన్న లెక్కే. 2024లో జేడీ వాన్స్‌ని ఉపాధ్యక్ష పదవికి నిలబెట్టగానే ఆయన భార్య ఉషా చిలుకూరి పూర్వీకుల ఊరు వడ్లూరు ఫొటోలు మా వాట్సాప్ గ్రూపు నిండా. మరుసటి ఏడాది సెప్టెంబరులో కొత్త హెచ్‌-1బీ దరఖాస్తులకి లక్ష డాలర్ల రుసుము ప్రకటించగానే అదే గ్రూపులో రెండు రోజులు ఒక్క గుడ్ మార్నింగ్ కూడా రాలేదు.

పోనీ ఓటైనా సరిగ్గా వేస్తారా? సిటిజన్‌షిప్ వచ్చినవాళ్లు అధ్యక్ష ఎన్నికకి సెల్ఫీలతో సహా వెళ్తారు. పార్టీ అభ్యర్థి ఎవరో ఓటర్లే తేల్చే ప్రైమరీ అంటే మాత్రం "అదేంటి?" అంటారు. మా కౌంటీలో నవంబరులో రిపబ్లికన్లే గెలుస్తారని చిన్నపిల్లలకీ తెలుసు. అంటే కౌంటీని నడిపే కమిషనర్లు (ఇక్కడ వాళ్లనీ ఓట్లతోనే ఎన్నుకుంటారు) ఎవరో ప్రైమరీలోనే తేలిపోతుంది. ఇంటి పన్ను ఎంత, పక్కనున్న అడవి కొట్టి ఇళ్లు కట్టనివ్వాలా వద్దా, అన్నీ వాళ్ల చేతిలోనే. జార్జియాలో ముందుగా పార్టీలో పేరు నమోదు చేసుకునే పని కూడా లేదు. వెళ్లి ఏ పార్టీ బ్యాలెట్ కావాలో చెబితే ఇస్తారు. కిందటిసారి నేను వెళ్లేసరికి పోలింగ్ కేంద్రంలో మనవాళ్లెవరూ కనబడలేదు. పెద్దాయన మాత్రం ఉన్నాడు. అలక తీరినట్టుంది.