ముక్తినాథ్ యాత్ర: పోఖరా నుంచి జోమ్‌సోమ్‌కి అమ్మానాన్నలను విమానంలో తీసుకెళ్లొచ్చా?

అక్టోబర్‌లో అమ్మానాన్నలను నేపాల్లోని ముక్తినాథ్ గుడికి తీసుకెళ్తున్నానని, పోఖరా నుంచి గుడికి దగ్గర్లో విమానాశ్రయం ఉన్న జోమ్‌సోమ్ దాకా విమానమా, జీపా తేల్చుకోలేకపోతున్నానని అడిగారు. మా అమ్మానాన్నలతో ఇదే దారిలో వెళ్లొచ్చాను కాబట్టి చెబుతున్నానండి. విమానం ఎక్కొచ్చు. కానీ ఆ రోజు అది ఎగరకపోయినా మీ ప్లాన్ చెడకూడదు. చేతిలో ఒక రోజు అదనంగా లేకపోతే మాత్రం టికెట్ కొనొద్దు.

ఈ దారిలో జరిగిన రెండు ప్రమాదాలు చూడండి. 2016 ఫిబ్రవరి 24న 23 మంది, 2022 మే 29న 22 మంది పోయారు. రెండూ నేపాల్ సంస్థ తారా ఎయిర్ వాళ్ల ట్విన్ ఆటర్ అనే చిన్న విమానాలే, రెండింట్లోనూ ఒక్కరూ మిగల్లేదు. రెండో దాంట్లో నలుగురు మన దేశం వాళ్లు. ఇంజిన్ చెడిపోయి పడిపోయినవి కావివి. కళ్లతో కొండలు చూసుకుంటూ నడపాల్సిన విమానం మబ్బులోకి వెళ్లింది, దారి తప్పింది, కొండను కొట్టుకుంది. రెండు విచారణల్లోనూ తేలింది ఇదే. 2022లో అయితే కొండ దగ్గరపడుతోందని హెచ్చరించే పరికరాన్ని ఆపేసి ఉంచారని కూడా నివేదికలో ఉంది. అది చదివాక నాకు చాలాసేపు మనసు మనసులో లేదు. నేపాల్లో మబ్బుల్లో రాళ్లుంటాయని అక్కడి పైలట్లు ఊరికే అనరు.

ఒకపక్క 8,167 మీటర్ల ధవళగిరి, మరోపక్క 8,091 మీటర్ల అన్నపూర్ణ. మధ్యలో కాళీ గండకీ లోయ, విమానం వెళ్లేది ఆ లోయలోంచే. పొద్దెక్కేకొద్దీ లోయలో గాలి జోరు పెరుగుతుంది. అందుకే జోమ్‌సోమ్‌ విమానాలన్నీ ఉదయం పూటే. 2012 మే 14న జోమ్‌సోమ్ దగ్గరే ఒక డోర్నియర్ (ఇదీ చిన్న విమానమే) కూలి 21 మందిలో 15 మంది పోయారు. వాళ్లలో ఎక్కువమంది మన దేశం వాళ్లే.

2023 జనవరి 15న పోఖరాలో 72 మంది చనిపోయిన ప్రమాదం వేరు. అది కాఠ్‌మాండూ నుంచి వస్తున్న ఏటీఆర్ అనే కాస్త పెద్ద విమానం. దిగేటప్పుడు రెక్కల వెనక భాగాలను కిందికి దించే ఫ్లాప్స్ లీవర్ బదులు ప్రొపెల్లర్లకు సంబంధించిన లీవర్లు కదిపారు, విమానాన్ని ముందుకు లాగే శక్తే పోయింది. దానికీ వాతావరణానికీ సంబంధం లేదు.

మా సంగతి చెప్తాను. ఆరింటికల్లా పోఖరా ఎయిర్‌పోర్టులో ఉన్నాం. జోమ్‌సోమ్‌లో ఎండ కాస్తోందట, దారిలో మాత్రం మబ్బు. తొమ్మిదిన్నర దాటాక క్యాన్సిల్ అన్నారు. మాతో ఉన్న ఒక యాత్రా బృందం వాళ్లు కౌంటర్ దగ్గర పెద్ద గొడవ చేశారు, మర్నాటికే వాళ్లకు కాఠ్‌మాండూలో రిటర్న్ ఫ్లైట్ ఉందట. వాళ్ల బాధ అర్థమైంది కానీ, ఆ ఒత్తిడి పైలట్ మీద పడకూడదని నా మనసులో ఒకటే టెన్షన్. మేం జీపు మాట్లాడుకున్నాం. బేని, తాతోపాని మీదుగా పొద్దుపోయాక చేరాం. అమ్మకు నడుము పట్టేసింది. వానాకాలంలో అయితే ఆ రోడ్డు మీద కొండచరియలు విరిగిపడతాయి, కాబట్టి జీపు అంటే పూర్తి సేఫ్ అని కూడా అనుకోకండి.

తిరుగు ప్రయాణం విమానంలోనే చేశాం. ఆకాశం తెల్లవారుజాము నుంచే అద్దంలా ఉంది. ఎయిర్ హోస్టెస్ పళ్లెంలో చాక్లెట్లు, చెవుల్లో పెట్టుకోవడానికి దూది తెచ్చింది. నాన్న దూది చేతిలోనే పట్టుకుని, కిటికీలోంచి ధవళగిరిని చూస్తూ దండం పెట్టుకున్నారు. ఇరవై నిమిషాల్లో పోఖరాలో దిగాం.

మీరు వెళ్లేది అక్టోబర్ కాబట్టి ఆకాశం మామూలుగా తేటగానే ఉంటుంది. దశైన్ (నేపాలీల దసరా) పండగ రద్దీ ఉంటుంది, టికెట్లు ముందే చూసుకోండి, మొదటి ఫ్లైటే తీసుకోండి. ఇంకోటి, పోఖరా 800 మీటర్లు, జోమ్‌సోమ్ 2,700, గుడి 3,700 పైమాటే. విమానం దిగిన రోజే పైకి ఎక్కించకండి. ఆ రాత్రి జోమ్‌సోమ్‌లోనో దగ్గర్లోని మార్ఫా ఊళ్లోనో పడుకుని, మర్నాడు నెమ్మదిగా గుడికి వెళ్లండి. నాన్నగారికి బీపీ ఉందన్నారుగా, బయల్దేరే ముందు ఒకసారి డాక్టర్‌కు చూపించండి.