జెనెటిక్ కౌన్సెలర్‌కు చెప్పడం రావాలి

ప్రశ్న: మా అమ్మాయి కడప యోగి వేమన విశ్వవిద్యాలయంలో జెనెటిక్స్ ఎంఎస్సీ చివరి ఏడాది చదువుతోంది. జెనెటిక్ కౌన్సెలర్ అవుతానంటోంది. వాళ్ళ అమ్మమ్మ రొమ్ము క్యాన్సర్‌తో పోయారు. పెద్దమ్మకు 41 ఏళ్ళకే అదే జబ్బు వచ్చి, చికిత్సతో కోలుకున్నారు. ఉద్యోగాలు దొరుకుతాయా? రోజూ చెడ్డ వార్తలు చెప్పే పని మా పిల్లకు అవసరమా? – ఒక తండ్రి, ప్రొద్దుటూరు

జవాబు: వంశపారంపర్యంగా వచ్చే జబ్బుల గురించి, జన్యు పరీక్షల గురించి కుటుంబాలకు అర్థమయ్యేలా వివరించడమే జెనెటిక్ కౌన్సెలర్ పని. ఉద్యోగాల సంగతి ముందు చెబుతాను. ఈ అవకాశాలు ఎక్కువగా హైదరాబాద్, బెంగళూరు, చెన్నైలలోని పెద్ద ఆసుపత్రుల్లో, జన్యు పరీక్షలు చేసే ల్యాబుల్లో ఉంటాయి. మొదటి కొన్నేళ్ళు ఇల్లు వదిలి ఉండక తప్పదు. ఇప్పుడు చదువుతున్న ఎంఎస్సీతో సరిపోదు, కౌన్సెలింగ్‌లో విడిగా శిక్షణ పొందాలి. మణిపాల్‌లో ఇందుకు ప్రత్యేకంగా ఎంఎస్సీ ఉంది. ఎక్కడ చేరినా, రోగుల కుటుంబాలతో ఎదురుగా కూర్చుని మాట్లాడే శిక్షణ ఎంత ఉంటుందో అడిగి తెలుసుకోండి. పాఠాలు మాత్రమే చెప్పి పంపే కోర్సు వద్దు.

ఇక మీ రెండో ప్రశ్న. ఈ పనిలో చెడ్డ వార్త కంటే కష్టమైనది, అవునో కాదో తేలని వార్త చెప్పడం. రొమ్ము క్యాన్సర్లలో వంశపారంపర్యంగా వచ్చేవి నూటికి 5 నుంచి 10 మాత్రమే. వాటిలో ప్రధానమైనవి బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 జన్యువుల్లో మార్పుల వల్ల వచ్చేవి. తల్లికి గానీ తండ్రికి గానీ ఆ మార్పు ఉంటే ప్రతి బిడ్డకూ, కొడుకైనా కూతురైనా, అది వచ్చే అవకాశం సగం. ఈ ఒక్క మాటను ఇళ్ళలో ఎన్ని రకాలుగా అర్థం చేసుకుంటారో! పెద్దమ్మాయికి వచ్చింది కాబట్టి చిన్నమ్మాయికి భయం లేదనుకుంటారు. సగం అన్నది క్యాన్సర్ వచ్చే అవకాశమని పొరబడతారు. మేనరికం చేసుకున్నందుకే ఇలా అయిందని బాధపడేవారు మన సీమలో చాలామంది. ఈ మార్పు ఒక్కరి నుంచి వచ్చినా చాలు, మేనరికానికీ దీనికీ ముడిపెట్టనక్కరలేదు. తండ్రి వైపు సంగతి అయితే పూర్తిగా మరిచిపోతారు. గుచ్చి అడిగితే తప్ప మేనత్త జబ్బు గురించి ఎవరూ చెప్పరు.

అందుకే కౌన్సెలర్ ముందుగా కాగితం మీద మూడు తరాల వంశవృక్షం గీస్తుంది. మగవారికి చతురస్రం, ఆడవారికి వృత్తం. జబ్బు వచ్చినవారి గుర్తును నింపుతుంది, పోయినవారి మీద అడ్డగీత గీస్తుంది, మేనరికమైతే దంపతుల మధ్య జంట గీత పెడుతుంది. గీస్తుండగానే మనుషులు గుర్తుకొస్తారు. "మా చిన్నత్తకు కూడా గడ్డ అన్నారు" అన్న మాట అప్పుడే బయటికొస్తుంది.

అంకెలు చెప్పడం మరో విద్య. 2017లో వెలువడిన ఒక పెద్ద అంతర్జాతీయ అధ్యయనం ప్రకారం, బీఆర్‌సీఏ1 మార్పు ఉన్న 100 మంది స్త్రీలలో 80 ఏళ్ళు వచ్చేలోపు సుమారు 72 మందికి రొమ్ము క్యాన్సర్ వస్తుంది. బీఆర్‌సీఏ2 అయితే 69 మందికి. "72 శాతం ప్రమాదం" అని చెప్పి ఊరుకుంటే ఎదుటి మనిషికి రేపే వస్తుందన్నట్టు వినిపిస్తుంది. 28 మందికి రాదని కూడా చెప్పాలి. అది ఒక్క ఏడాది లెక్క కాదని, జీవితకాలపు లెక్కని చెప్పాలి. తర్వాత ఆగి, "మీకు ఏమర్థమైందో మీ మాటల్లో చెప్పండి" అని అడగాలి. తెలుగులో ఓపికగా ఇలా మాట్లాడగల కౌన్సెలర్ల అవసరం మనకు చాలా ఉంది. మీ అమ్మాయి సీమ మనిషి కావడం ఇక్కడ పెద్ద బలం.

ఒక్కోసారి రిపోర్టులో హానికరమో కాదో తేలని మార్పు కనిపిస్తుంది. దాన్ని చూసి రొమ్ము తీయించుకోవడం లాంటి నిర్ణయానికి రాకూడదని నచ్చజెప్పాలి. ఇంకోసారి, పెళ్ళి సంబంధాలు చెడిపోతాయని, చెల్లెలికి చెప్పవద్దని ఒకామె బతిమాలుతుంది. ఆమెను కాదని చెల్లెలికి ఫోన్ చేయకూడదు. ఎలా చెప్పాలో ఆమెతోనే కలిసి ఆలోచించాలి, కావాలంటే ఉత్తరం రాసివ్వాలి. ఈ బరువు మోయగల నిదానం మీ అమ్మాయికి ఉందా? అది మీకే బాగా తెలుస్తుంది. తనకూ తెలియాలంటే సెలవుల్లో ఏదైనా క్యాన్సర్ ఆసుపత్రిలో, వాళ్ళు ఒప్పుకుంటే, కొన్నాళ్ళు కౌన్సెలింగ్ గమనించనివ్వండి. కర్నూలు స్టేట్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో అడిగి చూడవచ్చు.

మీరు అడగకపోయినా ఇంకొకటి చెప్పాలి. మీ ఇంట్లోనే ఈ ప్రశ్న ఉంది. ముందు పరీక్ష చేయించుకోవలసినది జబ్బు వచ్చిన మీ వదినగారు. ఆమెలో మార్పు దొరికితే, అదే మార్పు మీ భార్యకు, అమ్మాయికి ఉందో లేదో తేల్చుకోవచ్చు. అలా కాకుండా ముందే అమ్మాయికి చేయించి, ఏమీ లేదని వస్తే, మీ ఇంట్లో ఉన్న మార్పు ఏదో తెలియదు కాబట్టి దాన్ని నమ్మి నిశ్చింతగా ఉండలేం. ఉందని తేలినా దారులున్నాయి. అలాంటివారికి 25 ఏళ్ళ నుంచి ఏటా ఎమ్మారై, 30 నుంచి మామోగ్రామ్ (రొమ్ముకు తీసే ఎక్స్‌రే) సూచిస్తారు. అయితే ఈ మాటలు వాళ్ళ పెద్దమ్మకు మీ అమ్మాయి చేత చెప్పించకండి. సొంత ఇంటికి ఎవరూ కౌన్సెలర్ కాలేరు. హైదరాబాద్ నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది. వెళ్ళేటప్పుడు వదినగారి బయాప్సీ రిపోర్టు, చికిత్స కాగితాలు తీసుకెళ్ళండి. అమ్మమ్మగారికి జబ్బు ఏ వయసులో బయటపడిందో పెద్దవాళ్ళను అడిగి రాసి పెట్టుకోండి.