‘మంచి స్కూళ్ళు’ అన్న మాట వెనక ఏముంది? బోర్డు మీటింగుకు వెళ్ళేముందు

ప్రశ్న: అమెరికాలో రాజకీయ నాయకులు జాతి గురించి సూటిగా ఎందుకు మాట్లాడరు? మా స్కూల్ డిస్ట్రిక్టులో ఏ కాలనీ పిల్లలు ఏ స్కూలుకు వెళ్ళాలనే హద్దులు మారుస్తున్నారు. స్కూల్ బోర్డు మీటింగులో అందరూ ఏదో దాచిపెట్టి మాట్లాడుతున్నట్టు అనిపిస్తోంది. నాకు మైకు దొరికితే ఏం మాట్లాడాలి, ఎలా మాట్లాడాలి?

జవాబు:

మీ అనుమానం నిజమేనండి. కాకపోతే అక్కడ జాతి గురించి మాట్లాడటం లేదనుకోకండి. రోజూ దాని గురించే మాట్లాడతారు, పేరు మార్చి. ఆ మారుపేర్లు ఎక్కడ పుట్టాయో తెలిస్తే మీ మైకు సంగతి సగం తేలిపోతుంది.

ముందు మనవాళ్ళనే తీసుకుందాం. ఇల్లు కొనడానికి వెళ్తే ఏజెంటును అడిగేవి మూడే మాటలు: ఏరియా సేఫేనా? స్కూల్ రేటింగ్ ఎంత? మనవాళ్ళు ఉన్నారా? మూడోదానికి ఏజెంటు నవ్వేసి ఊరుకుంటాడు. కొనేవాళ్ళను జాతిని బట్టి ఒక వీధివైపు నడిపించడం, ఇంకో వీధి నుంచి తప్పించడం 1968 నాటి ఫెయిర్ హౌసింగ్ చట్టం ప్రకారం కుదరదు. మొదటి రెండింటికి వెబ్‌సైటు చూసుకోమంటాడు. అక్కడ పదికి నాలుగు అని కనబడుతుంది. ‘నాలుగా, వద్దులే’ అని కారు వెనక్కి తిప్పుతాం. ఆ నాలుగులో ఎక్కువ భాగం పరీక్షల మార్కులు, మార్కుల్లో చాలా భాగం ఇంటి ఆదాయం. ఆదాయం పక్కనే జాతి. ఎవరి నోటా ‘నల్లవాళ్ళు’ అన్న మాట రాలేదు, రావాల్సిన అవసరమూ పడలేదు.

రాజకీయం చేసేదీ ఇదే, కాస్త పెద్ద మైకుతో. 1980 ఆగస్టు 3న, అధ్యక్ష పదవికి పోటీ చేస్తున్న రీగన్ మిసిసిపీలోని నెషోబా కౌంటీ జాతరలో మాట్లాడుతూ తాను ‘రాష్ట్రాల హక్కుల’ను నమ్ముతానన్నాడు. 1964లో ముగ్గురు పౌరహక్కుల కార్యకర్తలను చంపింది ఆ కౌంటీలోనే. అభిమానులకు అది ఫెడరల్ ప్రభుత్వ పెత్తనం గురించిన మాట. జాతి వేర్పాటును కాపాడుకోవడానికి దక్షిణాది నాయకులు వాడిన మాటే కాబట్టి నల్లవాళ్ళకు మాత్రం పాత గాయం మీద చెయ్యి. రిపబ్లికన్ వ్యూహకర్త లీ ఆట్‌వాటర్ 1981లో ఒక ఇంటర్వ్యూలో ఈ కిటుకు తనే విప్పి చెప్పాడు. 1954లో నల్లవాళ్ళను తిట్టే బూతుమాటే వాడేవారు. 1968 నాటికి అది ఎదురు తన్నడం మొదలైంది. దాంతో బస్సింగ్, రాష్ట్రాల హక్కులు, ఆ తర్వాత పన్ను కోతలు అంటూ మాట నైరూప్యంగా మారుతూ వచ్చింది.

బస్సింగ్ అంటే, వేరువేరు జాతుల పిల్లలు కలిసి చదవాలని బస్సుల్లో దూరపు స్కూళ్ళకు పంపడం. ఈ విషయంలో డెమొక్రాట్లేమీ శుద్ధులు కారు. 1970లలో సెనేటర్‌గా బైడెన్ బస్సింగ్‌కు అడ్డుపడ్డారు. 2019 జూన్ 27న, డెమొక్రాట్ల అధ్యక్ష అభ్యర్థిత్వం కోసం పోటీపడుతున్నవాళ్ళ మయామీ డిబేట్‌లో కమలా హారిస్ ఆ సంగతి ఎత్తి, అలాంటి బస్సెక్కి చదువుకున్న పిల్లను నేనే అన్నారు. హాలు దద్దరిల్లింది. మరి ఇప్పుడు మీరొస్తే ఫెడరల్ ప్రభుత్వం తరఫున బస్సింగ్ తప్పనిసరి చేస్తారా అని కొన్ని రోజులకు విలేకరులు అడిగితే, అది స్థానిక డిస్ట్రిక్టులు పరిశీలించాల్సిన సాధనాల్లో ఒకటి అన్నారు. అటు తిరిగి ఇటు తిరిగి, స్థానికులకే వదిలేయాలన్న బైడెన్ మాట దగ్గరికే వచ్చినట్టు. గాయం గురించి నిజాయతీగా మాట్లాడటం ఒక ఎత్తు, మందు గురించి మాట్లాడటం ఇంకో ఎత్తు. మొదటిదానికి చప్పట్లు పడతాయి, రెండోదానికి ఓట్లు పోతాయి.

రిపబ్లికన్ల అధ్యక్ష అభ్యర్థిత్వానికి పోటీపడిన నిక్కీ హేలీ సంగతి ఇంకా విడ్డూరం. 2023 డిసెంబరు 27న న్యూహాంప్‌షైర్‌లోని బెర్లిన్ ఊళ్ళో ఒక ఓటరు, అంతర్యుద్ధానికి కారణమేమిటని అడిగాడు. ప్రభుత్వం ఎలా నడవాలి, స్వేచ్ఛ, జనం ఏం చేయవచ్చు ఏం చేయకూడదు అంటూ వెళ్ళిందామె. బానిసత్వం అన్న మాటే రాలేదు. ఆమె గవర్నరుగా చేసిన సౌత్ కరోలినా 1860 డిసెంబరులో అమెరికా నుంచి విడిపోతూ రాసుకున్న ప్రకటనలోనేమో, పారిపోయిన బానిసలను ఉత్తరాది రాష్ట్రాలు తిరిగి అప్పగించడం లేదన్న ఫిర్యాదు పచ్చిగా ఉంది. మర్నాడు ‘బానిసత్వం వల్లే, అందులో సందేహమేముంది’ అని దిద్దుకుంది. కానీ ఇదే హేలీ 2015లో, చార్ల్‌స్టన్ చర్చిలో తొమ్మిదిమంది నల్లవాళ్ళను కాల్చి చంపాక, శాసనసభ ఆవరణలోంచి కాన్ఫెడరేట్ జెండా (అప్పట్లో విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల జెండా) దించాలని పట్టుబట్టింది. దిగువ సభలో 94కు 20 ఓట్లతో బిల్లు నెగ్గింది, జూలై 10న జెండా దిగింది. అదే మనిషి. ఎదురుగా ఒక కర్ర, ఒక గుడ్డ, ఒక బిల్లు ఉన్నప్పుడు మాట తిన్నగా వచ్చింది. గాల్లో ప్రశ్న వేస్తే తడబడింది.

మైకు దగ్గర మామూలుగా ఇచ్చే మూడు నిమిషాలకు పనికొచ్చేది ఇదే. గాల్లో ‘జాతి’ గురించి మాట్లాడకండి, ఫలానా హద్దు గీత గురించి మాట్లాడండి.

మీ బోర్డు కాగితాల్లో జాతి అన్న మాట ఎందుకు ఉండదో కూడా తెలుసుకుని వెళ్ళండి. అది పిరికితనం ఒక్కటే కాదు. 2007లో సుప్రీంకోర్టు సియాటిల్, లూయీవిల్ డిస్ట్రిక్టుల కేసులో 5-4 తేడాతో, ఒక్కో పిల్లవాడి జాతి చూసి ఏ స్కూలుకు పంపాలో నిర్ణయించడం చెల్లదంది. ఆ మెజారిటీలోనే ఉన్న జస్టిస్ కెన్నెడీ విడిగా రాసిన అభిప్రాయంలో ఒక తలుపు తెరిచి పెట్టారు: ఆయా ప్రాంతాల్లో ఎవరెవరు ఉంటున్నారో మొత్తం మీద గమనించి హద్దులు గీయవచ్చని. కాబట్టి ‘జాతి ఊసే ఎత్తకూడదని చట్టం’ అని ఎవరైనా లేస్తే అది సగమే నిజం. ఇక 1974 డెట్రాయిట్ కేసు ఇంకో మలుపు. పక్క డిస్ట్రిక్టులు తప్పు చేశాయని రుజువు కానిదే వాటిని కలిపి పిల్లల్ని కలపమనడం కుదరదని అదే 5-4 తేడాతో తీర్పు వచ్చింది. అందుకే ఎక్కువ వేరుబాటు డిస్ట్రిక్టుకూ డిస్ట్రిక్టుకూ మధ్య ఉండిపోయింది. మీ బోర్డు చేతిలో ఉన్నది లోపలి గీతలే. బయటి గీత గురించి అక్కడ ఆవేశపడితే మీ టైము వృథా.

ఇక తయారీ. కనీసం వారం ముందు నాలుగు అంకెలు చేతిలో పెట్టుకోండి: బోర్డు ముందున్న ప్రతి హద్దుల ఆప్షన్‌లో ఒక్కో స్కూలు సామర్థ్యం, చేరే పిల్లల సంఖ్య, బస్సు ప్రయాణం ఎన్ని నిమిషాలు, పేదింటి పిల్లల శాతం. మొదటి మూడూ సాధారణంగా డిస్ట్రిక్టు వెబ్‌సైటులోని కన్సల్టెంటు స్లైడ్లలో ఉంటాయి. నాలుగోదానికి అందరూ ఉచిత, తగ్గింపు భోజనం అంకె వాడతారు. పేదరికపు గీతకు 130 శాతం లోపు ఆదాయం ఉంటే భోజనం ఉచితం, 185 లోపైతే తగ్గింపు ధర. ఇక్కడే ఎక్కువమంది బోల్తా పడతారు. కొన్ని స్కూళ్ళు ఫెడరల్ పథకం కింద పిల్లలందరికీ భోజనం ఉచితంగా పెడతాయి. ఆ స్కూలు అంకె చూసి అందరూ పేదలే అనేస్తే ఎదుటివాళ్ళు ఒక్క మాటతో మీ లెక్కంతా కొట్టిపారేస్తారు. అలాంటిచోట ఆహార సహాయం వంటి పథకాల జాబితాల ద్వారా నేరుగా గుర్తించిన పిల్లల శాతం అడిగి తీసుకోండి. ఏ స్కూల్లో ఏ జాతి పిల్లలు ఎందరున్నారో జాతీయ విద్యా గణాంక కేంద్రం సైటులో స్కూలువారీగా ఉంటుంది. 

మూడు నిమిషాలంటే ఇంగ్లీషులో 350 నుంచి 400 మాటలు. జనం ఎక్కువగా వస్తే ఛైర్మన్ రెండు నిమిషాలకో, ఒక నిమిషానికో కుదించేస్తారు. కాబట్టి 130 మాటల చిన్న పాఠం విడిగా రాసుకుని జేబులో పెట్టుకోండి. అడగదలచుకున్నది మొదటి వాక్యంలోనే చెప్పాలి. చివరికి దాచుకుంటే ఎర్రలైటు వెలుగుతుంది, మైకు కట్టేస్తారు. అజెండా ముందే చూసుకోండి, కాలిఫోర్నియాలోనైతే మామూలు మీటింగులకు 72 గంటల ముందు పెట్టాలని చట్టం. పేరు నమోదు చేసుకునే కార్డో, ఆన్‌లైన్ ఫారమో ఎప్పటిదాకా తీసుకుంటారో కనుక్కోండి. ఇంకో మాట, బోర్డు సభ్యులు మీకు అక్కడికక్కడ బదులివ్వరు, కళ్ళార్పకుండా చూస్తారంతే. మొదటిసారి వెళ్ళినవాళ్ళు దీన్ని అవమానంగా తీసుకుని గొంతు పెంచుతారు. అది పద్ధతి అంతే.

మాట ఎలా ఉండాలంటే, అంకెలు ఊహించుకుని చెప్తాను: ‘రెండో ఆప్షన్ వద్దని, మూడోది పెట్టమని అడుగుతున్నాను. రెండోదాంట్లో తూర్పు స్కూల్లో పేదింటి పిల్లలు 38 నుంచి 61 శాతానికి పెరుగుతారు, పడమటి స్కూల్లో 9 దగ్గరే ఉంటారు. మూడోదాంట్లో ఆ తేడా సగానికి తగ్గుతుంది, బస్సు సగటున 6 నిమిషాలు పెరుగుతుంది. తూర్పున ఎక్కువగా నల్లవాళ్ళు, లాటినోలు ఉంటారు. ఈ గీత వాళ్ళను వేరు చేస్తుందని తెలిసే గీస్తున్నామా అన్నది మీటింగు రికార్డులో ఉండాలి.’ జాతి మాట వచ్చింది, కానీ ఎవరి మనసునూ తప్పుపట్టలేదు. అదే ‘ఇది రేసిస్ట్ ప్లాన్’ అన్నారనుకోండి. ఆ క్షణం నుంచి చర్చ గీతను వదిలేసి సభ్యులు మంచివాళ్ళా కాదా అన్నదాని మీదికి పోతుంది, మంచివాళ్ళమని సాక్ష్యం చెప్పడానికి పదిమంది లేస్తారు.

మనవాళ్ళు మైకు పట్టుకోగానే జారే గుంట ఇంకొకటుంది: ‘మేము వలస వచ్చాం, కష్టపడ్డాం, పైకొచ్చాం. వాళ్ళెందుకు రాలేరు?’ ఈ మాట ఎదుటివాళ్ళు మీ నోటితో పలికించడానికి ఎదురుచూస్తుంటారు కూడా. ఫెడరల్ రిజర్వు 2022 సర్వే ప్రకారం మధ్యస్థ కుటుంబ సంపద తెల్లవాళ్ళకు 2,85,000 డాలర్లు, నల్లవాళ్ళకు 44,900. ఆసియన్లకైతే 5,36,000. ఆ చివరి అంకె పట్టుకుని వాదించేముందు 1965 వలస చట్టం, ఆ తర్వాత వచ్చిన హెచ్1బి వీసా ఎవరిని ఏరుకున్నాయో గుర్తుచేసుకోండి. విమానం ఎక్కకముందే డిగ్రీలతో జల్లెడ పట్టారు. ఆ 1965 చట్టం వచ్చిన వాతావరణాన్ని తయారుచేసింది నల్లవాళ్ళ పౌరహక్కుల ఉద్యమం.

అంతకుముందు మన సంగతేమిటంటే, 1923లో భగత్ సింగ్ థింద్ పౌరసత్వం కోసం సుప్రీంకోర్టు మెట్లెక్కాడు. అప్పటి చట్టంలో తెల్లవాళ్ళకూ ఆఫ్రికన్ సంతతివాళ్ళకూ మాత్రమే అవకాశం. నేను ఉన్నత కులపు ఆర్యుణ్ణి, కాకేసియన్‌ని అని ఆయన వాదన. మూడు నెలల ముందే జస్టిస్ సదర్లాండ్ జపాను నుంచి వచ్చిన ఒజావా కేసులో తెల్లవాడంటే కాకేసియన్ అని రాసి ఉన్నాడు. థింద్ దగ్గరికి వచ్చేసరికి అదే సదర్లాండ్, శాస్త్రంతో పనిలేదు, మామూలు మనిషి తెల్లవాడనుకోవాలి అని తిప్పేశాడు. అప్పటికే పౌరసత్వం వచ్చిన కొందరు భారతీయుల దగ్గర వెనక్కి లాక్కున్నారు కూడా. కులం చూపించి తెల్లదనం అడిగితే అది కూడా దక్కలేదు. 2017 ఫిబ్రవరిలో కాన్సస్‌లోని ఒలేతా బార్‌లో ఇద్దరు తెలుగు ఇంజినీర్ల మీద ‘నా దేశం నుంచి పొండి’ అంటూ కాల్పులు జరిపి ఒకరిని చంపినవాడు కూడా వాళ్ళ డిగ్రీలు చూడలేదు.

ఇలా ఒక్క గీత పట్టుకోవడమెందుకు, దేశమంతా పెద్ద సంభాషణ పెడితే సరిపోదా అంటారేమో: 1997 జూన్‌లో క్లింటన్ దేశమంతా జాతి గురించి మాట్లాడుకోవాలని చరిత్రకారుడు జాన్ హోప్ ఫ్రాంక్లిన్ అధ్యక్షతన సలహా సంఘం వేశాడు. ఏడాదికి పైగా సభలు జరిగాయి. నివేదిక 1998 సెప్టెంబరులో వచ్చింది. అదే నెలలో క్లింటన్, మోనికా లూయిన్‌స్కీల వ్యవహారం మీద స్టార్ నివేదిక కూడా వచ్చింది, దాంతో ఈ సంఘం నివేదికను పట్టించుకున్నవాళ్ళు తక్కువ. పైగా అది సలహా సంఘమే, ఏ నిబంధననూ మార్చే అధికారం దానికి లేదు. ఆ అధికారం లేని సభలో మాటలు గుండ్రంగా తిరుగుతాయి.

ఇలినాయిలోని ఎవాన్‌స్టన్‌ను దాని పక్కన పెట్టి చూడండి. 2019లో ఆ ఊరి కౌన్సిల్ గంజాయి అమ్మకాల పన్ను నుంచి కోటి డాలర్లు, నల్లవాళ్ళకు జరిగిన వివక్షకు పరిహారంగా కేటాయించింది. 2021 మార్చిలో మొదటి 4 లక్షల డాలర్ల పథకం ఖాయం చేసింది: 1919 నుంచి 1969 వరకు ఊళ్ళో ఉన్న నల్లవాళ్ళకు, లేదా వాళ్ళ సంతానానికి, ఇల్లు కొనడానికో మరమ్మతుకో అప్పు తీర్చడానికో 25,000 డాలర్లు. ఊరు, ఏళ్ళు, నష్టం, సొమ్ము, అన్నీ కాగితం మీద ఉన్నాయి కాబట్టి గొడవ కూడా అసలు విషయం మీదే జరిగింది. 8-1తో నెగ్గింది. వ్యతిరేకంగా పడిన ఆ ఒక్క ఓటు వేసింది సిసిలీ ఫ్లెమింగ్, నల్లజాతి సభ్యురాలు. ఇది ఇళ్ళ పథకం, దీన్ని పరిహారమనడం తప్పు, డబ్బు ఎలా వాడుకోవాలో జనమే తేల్చుకోవాలి అని ఆమె వాదన. నా లెక్కలో ఆ మీటింగులో అన్నిటికంటే నిజాయతీ గల మాట అదే. తర్వాత నగదుగా తీసుకునే వీలు కూడా వచ్చింది. 2024లో జాతి ఆధారంగా డబ్బివ్వడం రాజ్యాంగ విరుద్ధమంటూ కేసు కూడా పడింది.

మీ మీటింగు అయ్యాక ఒక చిన్న పని మిగులుతుంది. చదివిన కాగితం ఒక కాపీ అక్కడి క్లర్కుకు ఇచ్చి రికార్డులో చేర్చమనండి. ఎవరైనా మీ మాటల్లో పది సెకన్ల ముక్క కత్తిరించి ఊరి గ్రూపుల్లో తిప్పితే చూపించడానికి మొత్తం పాఠం ఉంటుంది. తర్వాతి మీటింగులో పోయినసారి మినిట్స్ ఆమోదిస్తారు. అందులో ‘ఒక తల్లి/తండ్రి హద్దుల గురించి ఆందోళన వ్యక్తం చేశారు’ అని మాత్రమే ఉంటే, ఆమోదానికి ముందే ఈమెయిల్ పెట్టి ఏ ఆప్షన్, ఏ అంకె అన్నది చేర్చమని అడగండి. చాలాచోట్ల చేరుస్తారు.